కొయ్యడెక్కునకు బట్టకప్పు

కొయ్యపడవలో నిరంతరము ఉప్పునీట మునిగియుండు అడుగుభాగము కంటె, ఎండకును వానకును ఎదురొడ్డి నిలుచు డెక్కే తరచుగా ముందు కుళ్లుట చూచువారికి వింతగా తోచును. కొయ్యను తిను శిలీంధ్రములకు ఉప్పు అంతగా గిట్టదు. చెమ్మ నూటికి 20 పాళ్లకు లోబడియున్న ఎండుకొయ్యయందును అవి పెరుగజాలవు. కాని పలకల అతుకులలోనికి దిగి, గాలి సోకక నిలిచిపోవు వాననీరు వానికి కావలసినదెల్ల సమకూర్చును.

ఈ నీటిని వారించుటకై అమెరికాలోని న్యూ ఇంగ్లండు తీరపు పడవవడ్రంగులు పైన్, సీడరు పలకలపై చిక్కని రంగు పూసి, అది ఆరకమునుపే నూలు కాన్వాసును పరచి, మద్దెల తోలువలె బిగలాగి, అంచులను రాగిచీలలతో దిగగొట్టి, ఆ చీలలు కనబడకుండ సన్నని కొయ్యపట్టీ నమర్చి, పైన మరల రంగు వేసెడివారు. ఆ బట్ట పలకలకు పట్టీ పట్టనట్లుగా అంటియుండును గనుక, ఋతుభేదముల ననుసరించి కొయ్య ఉబ్బినను కుదించుకొనినను ఓర్చి సర్దుకొనును. దాని దౌర్బల్యమంతయు రంగుతోనే వచ్చును: ఏటేట మందముగా పూసిన రంగు పెళుసెక్కి పగులును; ఆ పగుళ్లనుండి దిగిన నీరు బట్టక్రింద కంటికి కానరాక తన పని తాను చేయుచుండును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము గాజునార బట్టయు పాలియెస్టరు రెజినును వ్యాప్తికి వచ్చినవి గాని, పాలియెస్టరు కొయ్యను దృఢముగా పట్టుకొనదు. అంచున చెమ్మ చొరగానే పొరలుపొరలుగా లేచిపోవును. ఎపాక్సీ అను రెజిను అట్లు గాదు. మిచిగన్ రాష్ట్రమందలి బే సిటీలో గూజన్ సోదరులు 1969లో నెలకొల్పిన సంస్థ దానిని పడవపనిలో ప్రచారము చేసినవానిలో ముఖ్యమైనది. డైనెల్ అను కృత్రిమ వస్త్రమును ఎపాక్సీతో అతికినచో రాపిడికి మిక్కిలి ఓర్చును; నేతగరుకును పూర్తిగా పూడ్చక విడిచినచో తడిలో కాలు జారదు.

అయితే ఇంత గట్టి పూతకును కొయ్య కదలికను ఆపు శక్తి లేదు. విడివిడి పలకల డెక్కుపై దీనిని వేయుట నా దృష్టిలో అవివేకమే. కొన్నాళ్లకు అతుకుల వెంబడి గీతలు గీసినట్లు చీలును. నారలు ఒకదానికొకటి అడ్డముగా నుండునట్లు పొరలు అతికిన ప్లైవుడ్డునకు కదలిక స్వల్పము గనుక అది దీనికి తగును. పాత పలకలను విడువలేనివారికి నేటికిని కాన్వాసే మేలు.

పని చేయు వేళయు ముఖ్యమే. ఎండ ఎక్కుచుండగా రెజిను పూసినచో కొయ్యలోని గాలి వ్యాకోచించి బుడగలై పొంగును. సాయంకాలమున చల్లబడుచున్న కొయ్య రెజినునే లోనికి పీల్చుకొనును. ఎపాక్సీ అతినీలలోహిత కిరణములకు తాళజాలదు గనుక పైన రంగు తప్పదు. ఇన్నియు చేసి, త్రాళ్లు కట్టు కొక్కెములను బిగించుటకై తుదకు ఆ కప్పునే తొలుతురు! నేర్పరియగువాడు ఆ రంధ్రమును ముందు వెడల్పుగా తొలచి, రెజినుతో నింపి, గట్టిపడిన పిమ్మట దాని నడుమ సన్నని రంధ్రము చేసి స్క్రూ దించును. అప్పుడు నీరు దిగినను తాకునది రెజినునే గాని కొయ్యను గాదు.