ఎండకూ చీకటికీ మధ్య గంటంబావు

‘మబ్బున లేచి పరిగెత్తు’ అని కర్నూల్లో ఎవరైనా అంటే కోస్తావాళ్లు ఆకాశంలోకి చూస్తారు. మా వైపు మబ్బంటే మేఘం కాదు. దాన్ని మేం మోడం అంటాం. మబ్బంటే కోడి కూయకముందు, ఇంకా చుక్కలున్నప్పటి చీకటి. పొలానికి నీళ్లు పెట్టను పోయేవాళ్లూ, పాలు పితికేవాళ్లూ, తొలి బస్సు అందుకోవాల్సినవాళ్లూ లేచేది అప్పుడే. కొన్నేళ్లుగా ఆ వేళకు ఇంకో రకం మనుషులు లేస్తున్నారు. వెలిసిపోయిన టీషర్టు, అరిగిన బూట్లు, చేతిలో ఫోను. నంద్యాల రోడ్డు మీదనో, కేసీ కాలువ గట్టు మీదనో ఒక్కొక్కరే రొప్పుకుంటూ పోతుంటారు.

వీళ్లలో డాక్టరు భయపెడితే రోడ్డెక్కిన షుగరువాళ్లున్నారు, మారథాను మోజువాళ్లున్నారు. నా కంటికి ఎక్కువగా కనిపించేది మాత్రం ఖాకీ చొక్కా కోసం పరిగెత్తే పిల్లలు. 2022 నవంబరులో రాష్ట్ర పోలీసు నియామక మండలి 6,100 కానిస్టేబుల్ పోస్టులు ప్రకటించింది. తొలి రాతపరీక్ష 2023 జనవరి 22న అయిపోయింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న. మధ్యలో దాదాపు రెండేళ్లు. పరుగు 1600 మీటర్లు: అబ్బాయిలకు 8 నిమిషాలు, అమ్మాయిలకు 10 నిమిషాల 30 సెకన్లు. పరీక్ష ఎప్పుడు పెడతారో తెలియదు కాబట్టి కాళ్లు రోజూ సిద్ధంగా ఉండాలి. ఆ రెండేళ్లూ వీళ్లు పరిగెత్తింది ఎక్కడ? మైదానం దగ్గర్లో ఉన్నవాళ్లు మైదానంలో. లేనివాళ్లు రోడ్డు మీద.

హైవే మీద కొలత సులువు. కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి, తర్వాతి కిలోమీటరు రాయి దాటాక 200 మీటర్ల చిన్న రాళ్లు మూడు లెక్కపెడితే సరిగ్గా 1600. టేపు అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు. ప్రమాదమంతా ఈ సులువులోనే ఉంది.

సీమలో ఒంటరి పరుగు చిక్కు ఇది: ఎండ మనిషిని చీకట్లోకి తోస్తుంది, చీకటి తీసుకుపోయి లారీ ముందు నిలబెడుతుంది. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడప 44, 45 డిగ్రీలు చూడని ఏడాది తక్కువ. సాయంత్రం చల్లబడ్డాక పోదామంటే, రోడ్డూ బండలూ పగలంతా తాగిన ఎండను కక్కేది అప్పుడే. రాత్రి పదింటికి మిద్దె మీద చాప పరిచి వీపు కాల్చుకున్నవాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు. మిగిలేది తెల్లవారుజామే. మే నెల మధ్యలో కర్నూల్లో పొద్దు పొడిచేది సుమారు 5:45కు. మనిషి ఆకారం పోల్చుకునేంత వెలుతురు దానికి ఇరవై నిమిషాల ముందే వస్తుంది. ఆరూ నలభై దాటితే ఎండ నెత్తి మీద చెయ్యి వేస్తుంది. మధ్యలో గంటంబావు. ఒంటరిగా పరిగెత్తేవాళ్లకు వేసవి ఇచ్చేది అంతే.

చలికాలం ఇంకో తిరకాసు. సంక్రాంతికి ఇక్కడ సూర్యుడు 6:50 దాకా రాడు. మే నెలలో అయిదున్నరకు పరిగెత్తి అలవాటైన పిల్ల జనవరిలోనూ అదే అలారానికి లేస్తుంది. గంట మారలేదు గానీ వెలుతురు మారింది. మే నెల అయిదున్నర తెల్లవారడం, జనవరి అయిదున్నర నడిరాత్రి లాంటిది. అలారం గడియారాన్ని చూసి కాదు, పొద్దును చూసి పెట్టుకోవాలి. దేహదారుఢ్య పరీక్షలు పడింది సరిగ్గా ఆ చీకటి రోజుల్లోనే.

రోడ్డు ఏం చూస్తుంది

2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి దగ్గర మాదార్‌పురం వద్ద 44వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారకముందే ఒక వ్యాను డివైడరు దాటి లారీని ఢీకొంది. 14 మంది పోయారు. 2025 అక్టోబరు 24న చిన్నటేకూరు దగ్గర, వాన చీకట్లో, అంతకుముందే జారిపడి రోడ్డు మీద ఉన్న బైకును ఒక ప్రైవేటు బస్సు ఈడ్చుకుపోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఈ రెండింటిలోనూ పరుగువాళ్లెవరూ లేరు. కానీ ఆ వేళ రోడ్డు ఎలా ఉంటుందో వీటికన్నా బాగా ఎవరూ చెప్పలేరు. స్టీరింగు వెనక రాత్రంతా నిద్ర లేని కళ్లు. బైకంత ఇనుము అడ్డంగా పడి ఉంటే కనిపించని చోట, నల్ల టీషర్టు వేసుకున్న పాతికేళ్ల పిల్లవాడు ఎంత కనిపిస్తాడు? గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేసేలోపే పరుగువాడి దగ్గరికొచ్చేస్తుంది.

ఊరి రోడ్డయితే క్షేమమా అంటే అదీ కాదు. 2023 జులై 4న హైదరాబాదు బండ్లగూడలో ఉదయపు నడకకు వెళ్లిన తల్లినీ కూతురినీ వెనకనుంచి కారు గుద్ది చంపింది. ప్రపంచంలోనే పెద్ద వయసు మారథానువాడిగా పేరుపడ్డ ఫౌజా సింగ్, 114 ఏళ్ల మనిషి, లండన్ వీధుల్లో 26 మైళ్లు పరిగెత్తి, 2025 జులై 14న జలంధర్ దగ్గర సొంత ఊరి ముందు రోడ్డు మీద కారు గుద్ది పోయాడు.

కాలిబాట లేని చోట కుడివైపున, ఎదురొచ్చే బండ్లను చూస్తూ పరిగెత్తాలన్నది అందరూ చెప్పేదే. మనం ఎడమవైపు నడిపే దేశం కాబట్టి అలా అయితే వీపు వెనక నుంచి బండి రాదు. రాదని పుస్తకం చెబుతుంది. మన దగ్గర రాంగు రూట్లో లైటు లేని ట్రాక్టరు వస్తుంది, పాలక్యాన్ల బైకు వస్తుంది. అందుకే చెవులు ఖాళీగా ఉండాలి. పాట కావాలంటే ఒక చెవికే, అదీ రోడ్డు దిగాక. ఇక బట్టలు. సైకిలు షాపులో రేడియం టేపు చవగ్గా దొరుకుతుంది. దాన్ని వీపు మీద అతికించుకునేవాళ్లే ఎక్కువ. బూటు మడమలకూ మోకాళ్లకూ అతికించండి. కదలని మెరుపును డ్రైవరు రాయనుకోవచ్చు. పైకీ కిందికీ ఆడే మెరుపులు చూస్తే మనిషని కన్ను వెంటనే పోల్చుకుంటుంది.

నాలుగు వరుసల హైవే మీద మాత్రం ఏ వైపూ మంచిది కాదు. సర్వీసు రోడ్డుంటే అది, లేదంటే కాలువ.

గట్టు మీద

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా 300 కిలోమీటర్లు దాటి పోయే కేసీ కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. ఒకప్పుడు పడవలు కూడా తిరిగాయి. కర్నూలు ఊరి నడుమ నుంచే పోతుంది. గట్టు మట్టి మోకాళ్లకు మెత్తగా ఉంటుంది, లారీ రాదు, గాలి చల్లన. పరుగుకు ఇంతకన్నా మంచి దారి ఈ జిల్లాల్లో నాకు తెలియదు. ఒంటరి మనిషికి ఇంతకన్నా అనుమానం పుట్టించే దారి కూడా తెలియదు. ఊరు దాటి అరకిలోమీటరు పోతే చూసే కన్ను ఉండదు. కాలు జారితే కేక వినేవాళ్లుండరు. గడ్డి పెరిగిన చోట రక్తపింజర పడుకుని ఉంటుంది. టార్చి లేకుండా పోయేవాడు ధైర్యవంతుడేం కాదు. పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా పెట్టి 108కి ఫోను చెయ్యడమే.

అమ్మాయిల విషయంలో గట్టు మరీ కష్టం. హైవే మీద బండి భయం, గట్టు మీద మనిషి భయం. ఇంట్లో ‘తమ్ముణ్ణి తోడు తీసుకపోమ్మీ’ అంటారు. తమ్ముడు లేవడు. నేను చూసినంతలో తెలివైన పిల్లలు చేసేది ఒకటే: పొడుగ్గా ఒకే దారిన పోకుండా, టీకొట్టు తెరిచి ఉన్న, పాలకేంద్రం దగ్గర మనుషులు నిలబడ్డ, మునిసిపాలిటీ ఊడ్చే అక్కలున్న రెండు మూడు వీధులనే చుట్లు కొట్టడం. విసుగే. కానీ పది నిమిషాలకోసారి అదే మనిషి కంట పడతారు. వెంటపడేవాడుంటే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద అది నేరం. 112కు ఫోను చెయ్యచ్చు. 2025 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన శక్తి యాప్‌లో ఆపద బటనుంది. యాప్ ఫోన్లో ఉంటే సరిపోదు, పరిగెత్తే చేతితో దాన్ని నొక్కగలగాలి. ఇంటి దగ్గరే రెండుసార్లు సాధన చెయ్యాలి.

తెలుగువాళ్లకు ఇంకో అడ్డం ఉంది. బయల్దేరేవాణ్ణి ‘యాడికి?’ అని అడగడం శకునం బాగుండదని పెద్దవాళ్లు కసురుతారు. మరీ అడగాల్సొస్తే ‘దూరమేనా?’ అంటారు. పరుగు విషయంలో ఆ మర్యాద మానెయ్యాలి. ఏ దారి, ఎంతసేపట్లో తిరిగొచ్చేది ఇంట్లో ఒకరికి తెలియాలి, ఆ టైము దాటితే వాళ్లు ఫోను చెయ్యాలి. అలాగని ఊరందరికీ చాటక్కర్లేదు. 2023 జులైలో రష్యాలోని క్రాస్నదార్‌లో ఒక జలాంతర్గామి మాజీ కమాండరును పొద్దుటి పరుగులో కాల్చి చంపారు. రోజూ ఏ దారిన పరిగెత్తేవాడో స్ట్రావా యాప్‌లో అందరికీ కనిపిస్తూ ఉండేది. మన పిల్లలకు అంత శత్రువులుండరు గానీ, రోజూ పరుగు మ్యాపును వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాళ్లు చాలామంది. పెట్టాలనిపిస్తే స్నానం చేసి, ఇంట్లో కూర్చున్నాక పెట్టొచ్చు. ఇంటి నుంచి మొదలయ్యే భాగం కత్తిరించి.

కుక్కల సంగతి వీధుల్లో అందరికీ తెలుసు. పొలాల దారిలో వేరే. కోతలయ్యాక ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు చేలో గొర్రెల మంద పెట్టించుకుంటారు. మందతో కాపరి ఉంటాడు, కుక్కలుంటాయి. అవి వీధికుక్కల్లా బెదిరించి ఊరుకునేవి కావు, రాత్రంతా తోడేలు కోసం, దొంగ కోసం కాచుకుని ఉన్నవి. చీకట్లో పరిగెత్తుకొచ్చే మనిషి వాటి లెక్కలో ఆ రెంటిలో ఒకటి. మంద కనిపిస్తే దూరంగానే ఆగి, కాపరిని కేకేసి, అతను పలికాక నడిచి దాటాలి. పరిగెడితే ఏ కుక్కయినా తరుముతుంది. కరిస్తే పుండును ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రిలో టీకా. పసుపు, కారం, ఆకుపసరు ఏవీ పెట్టొద్దు.

నల్లమల అంచు ఊళ్లవాళ్లకు ఒక్క మాట. 2024 జూన్‌లో శిరివెళ్ల మండలం పచ్చర్ల దగ్గర కట్టెలకు పోయిన ఒకామెను చిరుత చంపింది. అడవి రోడ్డున మబ్బున పరుగు వద్దు, అంతే. ఈ జిల్లాల్లో రాత్రిపూట ఒంటరిగా పరిగెత్తే హక్కు సిద్ధవటం చిట్టడవిలో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి అనే పక్షికే ఉంది. అది ఎగరడం కన్నా పరిగెత్తడమే ఇష్టపడుతుంది. దాన్ని చూసినవాళ్లూ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఎండదెబ్బ మాటకొస్తే, చాలామంది దాన్ని పట్టించుకోరు, గుండెపోటు ఒక్కదానికే భయపడతారు. 2025 జనవరిలో మచిలీపట్నంలో కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లు పరిగెత్తి ఒక యువకుడు కుప్పకూలి పోయాడు, అది చలికాలం. జార్ఖండ్‌లో 2024 ఆగస్టు, సెప్టెంబర్లలో ఎక్సైజు కానిస్టేబుళ్ల 10 కిలోమీటర్ల పరుగుల్లో పది మందికి పైగా చనిపోయారు. వేసవిలో ఆ శ్రమకు ఎండ కూడా తోడవుతుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, మొదటి వారం సగం దూరం చాలు. తల తిరిగి, మాట తడబడి, ఒళ్లు కాలుతుంటే అది అలసట కాదు. నీడకు చేర్చి, అంబులెన్సు వచ్చేలోపే ఒంటి మీద నీళ్లు కుమ్మరించాలి. మెలకువ సరిగా లేనివాడికి నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఒంటరిగా ఉన్నవాడు ఆ దశ దాకా పోకూడదు. ఒళ్లు చలిపట్టినట్టు జలదరించినప్పుడే ఆగి కూర్చోవాలి. జేబులో ఒక చీటీ ఉంటే మంచిది: పేరు, ఇంటి నంబరు, రక్తం గ్రూపు. ఫోను తాళం వేసి ఉంటే లాభం లేదు.

కర్నూలు ఏపీఎస్పీ రెండో పటాలం మైదానంలో దేహదారుఢ్య పరీక్షలు జరిగినప్పుడు పరుగంతా పగటి వెలుతురులో, పోలీసుల కాపలాలో జరిగింది. ఒక్కో పిల్లవాడికి ఎనిమిది నిమిషాలు. దానికి ముందు దాదాపు 700 పొద్దులు వాడు ఏ వెలుతురూ ఏ కాపలా లేకుండా రోడ్డు మీద ఉన్నాడు. మా వైపు చాలా ఊళ్లలో హైస్కూలు మైదానం రోడ్డు పక్కనే ఉంటుంది. గేటుకు తాళం ఉంటుంది. తొమ్మిదింటికి తీస్తారు. అయిదింటికి తీసి, ఒక్క లైటు వేసేవాళ్లకు నెలకు కరెంటు బిల్లు ఎంతవుతుందో ఏ ఊరి సర్పంచయినా లెక్కగట్టగలడు.