యంత్రపాఠకునకు కరదీపిక

గ్రంథము వ్రాయువాడు పాఠకుని మనస్సునందుంచుకొనియే వ్రాయును. పాఠకునకు తెలిసినదానిని విడుచును, తెలియనిదానిని వివరించును. సాఫ్ట్‌వేర్ లోకమున ఇప్పుడొక క్రొత్త పాఠకుడు బయలుదేరినాడు. మనుష్యుడు కాడు, ఏజెంటు అని పేరు. కృత్రిమ మేధతో నడచు ప్రోగ్రాము అది. పని చెప్పినచో, తగిన ఆజ్ఞలను తానే కూర్చుకొని తానే నడిపించును. సాధనములను గూర్చి మనము వ్రాసిన కరదీపికలను నేడు అదియు చదువుచున్నది. దానికొరకు ఎట్లు వ్రాయవలెను?

ప్రోగ్రాము వ్రాయుట ఒక యెత్తు. జనులు వాడుకొను సర్వర్లపై దానిని ఎక్కించి నడిపించుట మరియొక యెత్తు. ఈ రెండవ పనికే డిప్లాయ్‌మెంట్ అని పేరు. ఇందలి పొరపాటు ఎంత ఖరీదైనదో 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ కాపిటల్ అను షేర్ల వ్యాపారసంస్థ చవిచూచినది. ఎనిమిది సర్వర్లపై పెట్టవలసిన క్రొత్త ప్రోగ్రామును ఏడింటిపైననే పెట్టిరి. ఎనిమిదవదానిలో, ఏండ్ల తరబడి వాడక విడిచిన పాత ప్రోగ్రాము మేల్కొని అక్కరలేని ఆర్డర్లు పంపసాగినది. తొందరలో మిగిలిన ఏడింటినుండి క్రొత్తదానిని తీసివేయగా, వానిలోని పాతదియు లేచినది. 45 నిమిషములలో పంపిన ఆర్డర్ల వలన నష్టము 46 కోట్ల డాలర్లు దాటినది. ఇట్టి పనిని రెండవ మనిషి సరిచూడవలెనను వ్రాతపూర్వక నియమమే అచట లేదని 2013లో ప్రభుత్వ కమిషన్ తేల్చి, 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా విధించినది.

అచట తప్పినవారు మనుష్యులు. మనుష్యులకైనచో, వ్రాతలో లేనిదానిని ప్రక్కబల్ల వానిని అడిగి తెలిసికొను వీలుండును. యంత్రపాఠకునకు ఆ ప్రక్కబల్ల లేదు.

నేడు ఈ పనికి విరివిగా వాడు సాధనము కుబెర్నెటిస్. 2014లో గూగుల్ సంస్థ దీనిని లోకమునకు వెల్లడించినది. గ్రీకుభాషలో ఆ మాటకు కర్ణధారుడని అర్థము. ఆ చుక్కానిని యంత్రము చేతికిచ్చునపుడు మూడు సంగతులు తప్పక వ్రాయవలెను.

మొదటిది, ఏ నావ నెక్కితిమో తెలియుట. ఆజ్ఞలో సర్వర్ల సమూహము పేరు చెప్పనిచో, అప్పటికి ఎన్నుకొనియున్న సమూహముపైననే అది అమలగును. అది పరీక్షలకై ఉంచినదో, జనులు వాడుచున్నదో ఆజ్ఞను చూచి చెప్పలేము. అనుభవజ్ఞుడు చేయి ఆపి ఒకసారి సరిచూచుకొనును. ఆ ఆగుటను కరదీపిక నియమముగా వ్రాయవలెను.

రెండవది, అందినదనుటకును అయినదనుటకును గల భేదము. క్రొత్త ప్రోగ్రామును పంపగానే కుబెర్నెటిస్ అభ్యర్థన నమోదైనదని బదులిచ్చును. ప్రోగ్రాము లేచి నడచుచున్నదని దాని భావము కాదు. ఆ స్థితిని వేరుగా అడిగి తెలిసికొనవలెను. ఎంతసేపు వేచియుండవలెనో, ఏమి కనబడినచో విజయమో, ఏమి కనబడినచో ఆగిపోవలెనో చెప్పవలెను.

మూడవది, వెనుకకు మరలు దారి. పాత ప్రోగ్రామును తిరిగి తెచ్చు ఆజ్ఞ కలదు. కాని డేటాబేసులో జరిగిన మార్పులను అది సరిదిద్దదు. ఈ హద్దు వ్రాయనిచో, దారి యున్నదను ధైర్యముతోనే ఏజెంటు గోతిలో పడును.

ఇంత వ్రాసినను చాలునా? 2025 జూలైలో రెప్లిట్ అను సంస్థవారి ఏజెంటు, మార్పులు చేయవద్దని వినియోగదారుడు చెప్పియుండగనే, వాడుకలోనున్న డేటాబేసును తుడిచివేసినది. పైగా దానిని తిరిగి తెచ్చుట అసాధ్యమని చెప్పినది. ఆయన ప్రయత్నింపగా తిరిగి వచ్చినది. చూచి రమ్మన్నచో కాల్చి వచ్చినాడని మనకొక సామెత కలదు. హనుమంతుడు కాల్చినది పగవాని పట్టణము గనుక మెప్పు పొందినాడు. ఏజెంటు కాల్చునది మన యిల్లే.

కావున వద్దు అను మాట కాగితముపై నుండిన చాలదు. తలుపునకు గడియగా నుండవలెను. చూచు అధికారము మాత్రమే ఏజెంటునకు ముందిచ్చి, మార్చు అధికారమును మనిషి అనుమతికి లోబరచుట కుబెర్నెటిస్‌లో సాధ్యమే. మార్పు చేయక, చేసినచో ఏమగునో చూపు ఆజ్ఞయు అందున్నది. కరదీపిక ఈ గడియలను వివరించునదేగాని వానికి బదులు కాదు.

మరియొక జాగ్రత్త. సాధనము మారినపుడు కరదీపికయు మారవలెను. పాతబడిన వాక్యమును చూచి మనుష్యుడు సందేహించును. యంత్రము నమ్మి ఆచరించును. ఏజెంట్లకు చెప్పవలసిన సూచనలను ప్రోగ్రాము ప్రక్కనే 'ఏజెంట్స్.ఎండీ' అను ఫైలులో ఉంచు పద్ధతి 2025లో వ్యాపించినది. రెండును ఒకేచోట నున్నచో, ఒకటి మారి రెండవది మారకుండుట కంటబడును.

పెద్దల తలలలో మాత్రమే నిలిచియున్న పనివాడితనము ఈ నెపముతోనైనను కాగితమున కెక్కుచున్నది. రేపు పనిలో చేరు కుర్రవానికిని అది అక్కరకు వచ్చును. కాని ఆ కాగితము చివర ఒక పంక్తి తప్పక యుండవలెను: సందేహము కలిగినపుడు పని ఆపి అడుగవలసిన మనిషి పేరు.