పొలం కాపలాకు రివాల్వర్ ఇస్తారా? వేటకు వెళ్లొచ్చా? తుపాకీ లైసెన్సు గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

ఉప్పలగుప్తం మండలంలో సొంత పొలమో, కొబ్బరితోటో, రొయ్యల చెరువో ఉండి, ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు కౌలురైతు చెప్పే కష్టాల్లో జంతువులు, పక్షుల బెడద ఒకటి. అదే సమయంలో అమెరికాలో ఉన్న బంధువు, పెద్ద రివాల్వర్‌తో అడవిపందిని కొట్టిన వీడియో పంపిస్తాడు. దాంతో ఒక ప్రశ్న పుడుతుంది. మనం కూడా లైసెన్సు తీసుకుని అలాంటిది ఒకటి కొనుక్కోవచ్చా?

సూటిగా చెప్పాలంటే, కుదరదు. మన దేశంలో వేట కోసం రివాల్వర్ లైసెన్సు ఇవ్వరు. పంట కాపలాకు తుపాకీ లైసెన్సు ఉంది కానీ, అది వేరే రకం తుపాకీకి. ఆ తుపాకీ చేతిలో ఉన్నా జంతువును కాల్చడానికి మరో అనుమతి కావాలి. ఈ రెండింటినీ ఒకటే అనుకున్నవాళ్లే కేసుల్లో ఇరుక్కుంటున్నారు.

వేట గురించి చట్టం ఏమంటోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అందులోని 9వ సెక్షన్ ప్రకారం, షెడ్యూళ్లలో ఉన్న జంతువులను, పక్షులను వేటాడటం నేరం. ఇక్కడ వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. విషం పెట్టడం, ఉచ్చు వేయడం, వల పన్ని పట్టడం కూడా వేట కిందకే వస్తాయి. పక్షుల గూళ్లు, గుడ్లు పాడుచేసినా అంతే.

2022లో ఈ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అడవిపంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉంది. చేపల, రొయ్యల చెరువుల మీద వాలే కొంగలు, నీటికాకులు కూడా రక్షణ ఉన్న పక్షులే. చట్టాన్ని ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మొదటి షెడ్యూల్‌లోని జంతువైతే జైలు మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా వెళ్లొచ్చు. నేరానికి వాడిన తుపాకీ, బండి ప్రభుత్వపరం అవుతాయి.

పంటను నాశనం చేస్తున్న పందినీ కాల్చకూడదా?

సొంతంగా నిర్ణయం తీసుకుని కాల్చకూడదు. అనుమతి తీసుకునే దారి మాత్రం ఉంది. రెండో షెడ్యూల్ జంతువు మనుషుల ప్రాణాలకో, ఆస్తికో ప్రమాదకరంగా మారితే, దాన్ని వేటాడేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. ఇది 11వ సెక్షన్. ఆస్తి అంటే చేలో ఉన్న పంట కూడా అని చట్టంలోనే ఉంది.

కేరళలో 2022లో ఈ అధికారాన్ని పంచాయతీ స్థాయికి తెచ్చారు. జనావాసాల్లోకి వచ్చే అడవిపందులను కాల్చేందుకు స్థానిక సంస్థల అధ్యక్షులే ఆదేశాలు ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్కడ కూడా రైతు తనంతట తాను కాల్చడానికి లేదు.

ఇంకో దారి 62వ సెక్షన్. ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి ఒక జంతువును హానికర జీవిగా కేంద్రం ప్రకటించవచ్చు. బిహార్‌లో 2015 డిసెంబరులో అడవిపంది, నీల్‌గాయ్ విషయంలో, ఉత్తరాఖండ్‌లో 2016లో అడవిపంది విషయంలో అలాగే చేశారు. అలాంటి ప్రకటన ఉన్న చోట, ఉన్నన్నాళ్లే ఆ వెసులుబాటు.

పంది మీద పడినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి చంపితే అది నేరం కాదు. కానీ చచ్చిన జంతువు ప్రభుత్వానిదే అవుతుంది. మాంసం పంచుకుంటే అది మళ్లీ వేరే కేసు.

కంచెకు కరెంటు పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. చీకట్లో నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతే ఆ తీగకు బలైపోవచ్చు. అప్పుడు తీగ పెట్టిన వారి మీద మనిషి ప్రాణం తీసిన కేసు పడుతుంది.

పంట కాపలాకు ఏ తుపాకీ ఇస్తారు?

దీనికి జవాబు ఆయుధ చట్టం, 1959లోని 13వ సెక్షన్‌లో ఉంది. పంట రక్షణ నిజంగా అవసరమైన పౌరుడికి ఇచ్చేది, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ. మన పల్లెల్లో నాటు తుపాకీ అనే రకం. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి అనిపిస్తే, లోపల గాడులు లేని నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకీకి అనుమతించవచ్చు. పంట కాపలా మాట వచ్చిన చోట రివాల్వర్ ప్రస్తావనే లేదు.

రివాల్వర్ కావాలంటే ప్రాణభయం ఉందని చూపించాలి. ఆ భయానికి ఆధారాలు ఉన్నాయా లేదా అన్నది పోలీసులు విచారిస్తారు. అన్నీ కుదిరినా సాధారణంగా దొరికేది .32 బోర్ రివాల్వరే. కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014లో తెచ్చిన నిర్భీక్ కూడా .32 బోరే. .38, 9 ఎంఎం వంటివి సామాన్యులకు నిషిద్ధ బోర్లు.

అమెరికాలో వేటకు వాడే .44 మాగ్నమ్ తూటా శక్తిలో .32 తూటాది ఐదో వంతు కూడా ఉండదు. దానితో పందిని కాలిస్తే అది చావదు, గాయంతో తిరగబడుతుంది. అంటే చట్టం సంగతి పక్కన పెట్టినా ఆ ఆయుధం ఈ పనికి పనికిరాదు.

లైసెన్సుకు దరఖాస్తు ఎలా?

ఉప్పలగుప్తం వాసులకు లైసెన్సు ఇచ్చే అధికారి డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పటి నుంచి కలెక్టరేట్ అమలాపురంలోనే ఉంది.

• దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి.

• కేంద్ర హోంశాఖకు చెందిన ఎన్‌డీఏఎల్-ఏఎల్‌ఐఎస్ పోర్టల్‌లో ఫారం ఎ-1 నింపాలి. లైసెన్సుదారు ప్రతి ఒక్కరికీ ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటుంది.

• ఫొటో, వయసు, చిరునామా రుజువులతో పాటు శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్యుడి ధ్రువపత్రం, ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా ఉంచుతామన్న హామీపత్రం, ఆయుధ భద్రతా శిక్షణ పూర్తిచేసిన పత్రం కావాలి. పంట రక్షణకైతే భూమి కాగితాలు కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

• తర్వాత పోలీసు విచారణ. మీ మీద కేసులున్నాయా, మీరు చెప్పిన అవసరం నిజమేనా అన్నది చూసి నివేదిక పంపుతారు. దాన్ని బట్టి కలెక్టర్ నిర్ణయం తీసుకుంటారు.

• తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగవచ్చు. అప్పీలు కూడా చేసుకోవచ్చు.

2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు. లైసెన్సు షరతు దాటినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పెళ్లి ఊరేగింపులో సరదాగా గాల్లోకి కాల్చి ఇతరులను ప్రమాదంలో పడేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

తాతగారి తుపాకీ ఇంట్లో ఉంటే?

పాత ఇళ్లలో ఇది తరచూ ఎదురయ్యే చిక్కు. లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే ఆ లైసెన్సు వారసులకు దానంతటదే రాదు. అటక మీద పెట్టి మరిచిపోతే అది లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క. వెంటనే పోలీసుస్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమచేసి రసీదు తీసుకోవాలి. కావాలనుకుంటే వారసులు తమ పేరిట దరఖాస్తు చేసుకోవచ్చు.

ఎయిర్‌గన్‌కైతే లైసెన్సు అక్కర్లేదు కదా?

20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాట నిజమే. కానీ ఆ మినహాయింపు ఆయుధ చట్టం వరకే. దానితో చెరువు గట్టు మీద కొంగను కొడితే వన్యప్రాణి చట్టం కింద కేసు మామూలే. చెరువులకు పైన వలలు, మెరిసే రిబ్బన్లు కట్టడం, మనిషిని కాపలా పెట్టడమే నికరమైన మార్గం.

మరి అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి?

అక్కడ చాలా రాష్ట్రాల్లో రివాల్వర్‌తో వేట చట్టబద్ధమే. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ ఇందుకు బాగా పేరుపడింది. పందికి, జింకకు అది చాలు. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గొట్టం, చేయి చాచి పట్టుకున్నా స్పష్టంగా కనిపించే రెడ్ డాట్ గానీ పిస్టల్ స్కోప్ గానీ ఎంచుకుంటారు. గురిని 50 గజాల దగ్గర సరిచేసుకుని, ఆ దూరంలో ప్రతిసారీ తగిలేదాకా రేంజ్‌లో సాధన చేస్తారు. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు. జింకల వేటకు ఏ బోర్, ఎంత గొట్టం వాడాలో కొన్ని రాష్ట్రాలు నిబంధన పెట్టాయి.

తుపాకీ ఎంపిక కన్నా ముందు చూసుకోవాల్సింది వీసా. హెచ్1బీ, ఎఫ్1 వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు దీనికి ఒక మినహాయింపు. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందులను వేటాడటానికి లైసెన్సు అక్కర్లేదు. అది విని వీసా మీద ఉన్నవారు లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీ పట్టుకుంటే ఫెడరల్ నేరం కావచ్చు. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

ఇక్కడి రైతు ఏం చేయాలి?

పంట దెబ్బతింటే ఆ రోజే ఫొటోలు, వీడియోలు తీయండి. తేదీ, సర్వే నంబరు రాసి అటవీ, వ్యవసాయ శాఖల అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. చుట్టుపక్కల రైతులంతా కలిసి ఇస్తే బెడద ఎంతుందో అధికారులకు తెలుస్తుంది. 11వ సెక్షన్ కింద అనుమతి అడగాలన్నా, పంట రక్షణ లైసెన్సు కోరాలన్నా ఆ కాగితాలే ఆధారం. నగరంలో ఉన్న భూయజమాని ఈ పనిని కౌలురైతు మీద వదిలేయకుండా ఫోన్లో అయినా తోడు నిలవాలి. కాగితం లేకుండా తుపాకీ పేలితే కేసు పడేది చేలో ఉన్న మనిషి మీదే.