చెవిని బట్టి మిషను

వయసుతో వచ్చిన చెవుడైనా, రైసు మిల్లు హోరులో ఏళ్ల తరబడి పనిచేసినవారికి వచ్చిన చెవుడైనా, అన్ని శబ్దాలనూ ఒకేలా తగ్గించదు. అచ్చులకు బలమిచ్చే కింది స్వరాలు చాలావరకు నిలుస్తాయి. హల్లుల్ని విడదీసి చూపే పై స్వరాలు ముందు పోతాయి. హోరు తెచ్చే నష్టం సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఇక కాలు, పాలు, తాలు ఒక్కలాగే తోస్తాయి. ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. గట్టిగా అరిచినా ప్రధానంగా పెరిగేది అచ్చుల బలమే.

లోపలి చెవిలో బయటి వరుస రోమకణాలు చిన్న శబ్దాలను పెంచి అందిస్తాయి, పెద్ద శబ్దాలను వాటి మానాన వదిలేస్తాయి. ఎక్కువమందిలో ముందు దెబ్బతినేవి అవే. 60 డెసిబెల్స్ నష్టం ఉన్నవారికి వినికిడి 60 దగ్గర మొదలవుతుంది గానీ, భరించలేని హద్దు మాత్రం మామూలు చెవిలాగే 100 దగ్గరలోనే ఉంటుంది. గుసగుస నుంచి రైలు కూత దాకా అన్నీ మిగిలిన ఆ 40లోనే ఇమడాలి. అన్నిటినీ ఒకే కొలతన పెంచిన పాత వినికిడి మిషన్లు పెట్టెల్లోకి చేరాయంటే వింతేమీ లేదు.

ఇప్పటి మిషను శబ్దాన్ని స్వరాల వారీగా చానళ్లుగా విడగొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో లెక్కన కుదిస్తుంది. నిష్పత్తి 2:1 అయితే బయట 10 డెసిబెల్స్ పెరిగినప్పుడు చెవిలో 5 మాత్రమే పెరుగుతాయి. 1996లో డెన్మార్కు కంపెనీలు వైడెక్స్, ఓటికాన్ పూర్తి డిజిటల్ మిషన్లు తెచ్చాక ఈ లెక్కలు సూక్ష్మమయ్యాయి.

అసలు పరీక్ష సందడిలో ఎదురవుతుంది. కాకినాడ లైను చీలే సామర్లకోట జంక్షనులో ఇంజను మోత, మైకు ప్రకటన, పక్కవారి కబుర్లు ఒక్కసారే చెవిన పడతాయి. మాట బలం సెకనుకు నాలుగైదు సార్లు పెరిగి తగ్గుతుంది, ఇంజను మోత నిలకడగా ఉంటుంది. ఆ తేడాను పట్టుకుని మిషను మోత ఉన్న చానళ్లను తగ్గిస్తుంది. దీనివల్ల చెవికి హాయే తప్ప మాట పెద్దగా తేటపడదు. ఆ విషయంలో ఎక్కువ మేలు చేసేది రెండు మైకుల అమరిక. అది ఎదురుగా ఉన్న మనిషి గొంతును నిలిపి వెనకటి శబ్దాలను తగ్గిస్తుంది. పైనున్న స్పీకరు నుంచి ప్రతిధ్వనిస్తూ వచ్చే ప్రకటనకు మాత్రం అదీ అంతగా అక్కరకు రాదు.

ఎంత ఖరీదైన మిషనైనా వినికిడి పరీక్ష పట్టిక అయిన ఆడియోగ్రామ్ ప్రకారం సరిచేయకపోతే దండగే. ఏ స్వరానికి ఎంత బలమివ్వాలో చెప్పే సూత్రాల్లో ఆస్ట్రేలియా పరిశోధకుల 'నాల్' పేరెన్నికగన్నది. సూత్రం సగటు చెవికి చెబుతుంది గనుక, సన్నని గొట్టం మైకును చెవిలో పెట్టి, కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత చేరుతోందో కొలవాలి. చిన్నపిల్లల చెవి నాళం ఇరుకు, అదే శబ్దం వారికి మరింత గట్టిగా చేరుతుంది. 1981 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఉచితంగా అందే మిషన్లకూ ఈ సరిచేత అవసరమే. వినికిడి మారేకొద్దీ మళ్లీ పరీక్షించి, మళ్లీ సరిచేయాలి.

లోపలి వరుస రోమకణాలు కూడా బాగా దెబ్బతింటే ఎంత పెంచినా ఫలితం తక్కువ. అప్పుడు కర్ణనాడికి నేరుగా విద్యుత్ సంకేతాలు పంపే కాక్లియర్ ఇంప్లాంట్ దారి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పుట్టుచెవుడు ఉన్న చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్సను కూడా చేయించింది.