గౌరవ సభ్యత్వము

రోటరీ, లయన్సు అను సేవాసంఘముల పేర్లు వినని సోదరీమణులు నేడు మన పట్టణములలో నరుదు. కంటి శిబిరమనియు, రక్తదానమనియు, బడిపిల్లలకు పుస్తకములనియు నేదో యొక పనితో వారి చక్రపు గుర్తు, సింహపు గుర్తు మన వీధులకు వచ్చుచునే యున్నవి. ఈ సంఘములవా రప్పుడప్పుడు తమలో చేరని పెద్దల నొకరిని సభకు బిలిచి, శాలువ గప్పి, ప్రశంసాపత్రము నొసగి, "నేటినుండి మీరు మా గౌరవ సభ్యులు" అని ప్రకటించుట కలదు. మరునాడు పత్రికలో ఫొటో పడును. ఆ గౌరవముతో వచ్చునదేమో, రానిదేమో మన స్త్రీలు తెలిసికొనుట యవసరమని మాకు దోచినది. ఏలయన గౌరవమునకును హక్కునకును గల యెడము స్త్రీలకు దెలిసినంతగా మరియొకరికి దెలియదు.

రోటరీ 1905 ఫిబ్రవరి 23వ తేదీన చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాదిచే బ్రారంభింపబడినది. ఆ సంస్థ నిబంధనల ప్రకారము గౌరవ సభ్యుల నెన్నుకొనువారు క్లబ్బు కార్యవర్గమువారు. ఆ సభ్యత్వ మెంతకాలమో నిర్ణయించువారును వారే. ఎన్నికైనవారు చందా కట్టనక్కరలేదు. సమావేశముల కన్నిటికిని రావచ్చును. కాని వోటు లేదు, పదవియు లేదు. 1917లో నేర్పడిన లయన్సువారి పద్ధతి కొంచెము వేరు. ఊరికి గాని క్లబ్బునకు గాని విశేషసేవ చేసినవారికే వా రీ గౌరవము నొసగుదురు. ఆ సభ్యుల ప్రవేశరుసుము, చందా క్లబ్బే భరించును. ఇది మాకు మిక్కిలి నచ్చినది. అల్లునికి బండుగబట్టలు పెట్టి, వాని ఖరీదు నల్లునినే యడుగు మామ యెందైన నుండునా?

ఇక స్త్రీల సంగతి. ఈ సంఘములలో బహుకాలము పురుషులకే ప్రవేశము. భర్తలు సేవకు బూనుకొన్నచోట వంటయు, కుట్టుపనియు, చందాల వసూలును భార్యలకు దప్పలేదు. సభ్యత్వము మాత్రము లేదు. ఇంగ్లండు దేశమున మాంచెస్టరు నగరములో మార్గరెట్ గోల్డింగు అను నామె, నర్సుగా బనిచేసిన యనుభవశాలి, 1924 జనవరి 10వ తేదీన రోటరీ సభ్యుల భార్యలను సమావేశపరచి ఇన్నర్ వీల్ అను స్త్రీల సంఘమును స్థాపించెను. వారు చేరిన స్థలము టర్కీ పద్ధతి స్నానశాల! సభకు దొరకిన చోటు స్నానశాలయైనను వారు వెనుదీయలేదు.

ఆ మరుసటి యేడే అమెరికాలో మరియొక సంగతి నడచినది. చూపును, వినికిడియు లేని విదుషి హెలెన్ కెల్లరు 1925 జూన్ 30వ తేదీన ఒహాయో రాష్ట్రమందలి సీడార్ పాయింటులో జరిగిన లయన్సు మహాసభకు వచ్చి, అంధుల పక్షమున నిలువుడని వారిని వేడెను. వారు సమ్మతించిరి. నేడు మన జిల్లాలలో లయన్సువారి కంటి ఆసుపత్రికి శుక్లములు తీయించుకొనుటకు బోవు అవ్వకు ఆ మహాసభ సంగతి దెలియదు గాని, ఆ త్రోవ యచ్చటినుండి వచ్చినదే. ఏ సంఘములో స్త్రీకి సాధారణ సభ్యత్వము సైతము లేదో, ఆ సంఘము నూరేండ్లుగా జేయుచున్న పనిని జూపినది స్త్రీయే!

1977లో కాలిఫోర్నియాలోని డువార్టి పట్టణపు రోటరీ క్లబ్బువారు ముగ్గురు స్త్రీలను బూర్తి సభ్యులుగా జేర్చుకొనిరి. కేంద్రసంస్థవారు మరుసటి సంవత్సరమే యా క్లబ్బును దొలగించిరి. వ్యాజ్యము కోర్టుల వెంబడి నడచి అమెరికా సుప్రీముకోర్టునకు జేరెను. నాటి తీర్పులో రోటరీవారు స్త్రీల కొసగిన సదుపాయము లిట్లు పేర్కొనబడినవి: స్త్రీలు సమావేశములకు రావచ్చును, ఉపన్యసింపవచ్చును, బహుమానములు పొందవచ్చును, సభ్యుల బంధుస్త్రీలు చక్రపు గుర్తును ధరింపవచ్చును. చూచితిరా! వేదిక కలదు, చప్పట్లు కలవు, పతకము కలదు. చేయి యెత్తి వోటు వేయుట యొక్కటియే లేదు. 1987 మే 4వ తేదీన కోర్టువారు స్త్రీల పక్షమున దీర్పు చెప్పిరి. ఆ యేడే లయన్సువారు తమ నిబంధనలను మార్చుకొనిరి. 1989లో రోటరీ ద్వారములు ప్రపంచమంతటను స్త్రీలకు దెరువబడెను. 2018లో ఐస్లాండు దేశపు గుద్రున్ ఇంగ్వదోత్తిర్ లయన్సునకును, 2022లో కెనడా దేశపు జెన్నిఫర్ జోన్సు రోటరీకిని అంతర్జాతీయాధ్యక్షత వహించిన తొలి స్త్రీలైరి.

కావున పనిచేయ శక్తియు, తీరికయు గల స్త్రీని గౌరవ సభ్యురాలవు గమ్మని యెవరైన బిలిచినచో, "నన్ను సాధారణ సభ్యురాలిగా నేల చేర్చుకొనరు?" అని యామె యడుగుట తప్పు కాదు. చందా కట్టి వోటు సంపాదించుటయే యామెకు మేలు. చందా కట్టజాలనివారికి, వార్ధక్యముచే బనిబాధ్యతలు వహింపజాలనివారికి మాత్రమే యీ గౌరవము సార్థకము. మన యూళ్లలో నిది తరచుగా బదిలీపై వచ్చిన యధికారులకు బోవుచున్నది. వారి కిదివరకే శాలువలు బీరువా నిండ గలవు. ఇరువదేండ్లు ఇంటింటికి దిరిగి పురుళ్లు పోసిన మంత్రసానమ్మ యదే వీధిలో నుండును. ఆమె పేరు కార్యవర్గమున కెవరును జెప్పరు. స్త్రీలు సభ్యులుగా నున్న క్లబ్బులలోనైన నీ పేరు లేవనెత్తవలదా?

అట్టి యామె నెన్నుకొనునప్పుడు ముందుగా నామె యిష్టము కనుగొనవలెను. నిబంధనలు తెలుగున జదివి వినిపింపవలెను. సభకు రాకపోకల బండి ఖర్చు క్లబ్బువారే పెట్టుకొనవలెను. వచ్చిన దినమున ముందువరుసలో గూర్చుండబెట్టి ఫొటో తీసి పంపివేయక, ఆ యూరి బాలింతలకు గావలసిన దేమని యామె నడిగి, చెప్పినది కార్యక్రమపుస్తకమున వ్రాసికొనవలెను. సభ్యత్వమునకు గడువు పెట్టినచో నది తీరకముందే యామెకు జాబు వ్రాయవలెను. అట్లు చేయనిచో, తన పేరు తీసివేయబడిన సంగతి మరుసటి యేటి యచ్చు జాబితాను మనుమడు చదివి చెప్పినప్పుడు గాని యామెకు దెలియదు.