అవసరమే కొలబద్ద

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం ముంగిట వెలసిన కోనసీమలో పడవ సంగతి తెలియనివారు ఉండరు. పంట కాలువలో సాగే దోనె వేరు. రేవు దాటించే పడవ వేరు. సముద్రం మీదికి వేటకు పోయే నావ వేరు. ఈ మూడింటిలో ఏది గొప్పదని అడిగితే అనుభవజ్ఞుడు వెంటనే సమాధానం చెప్పడు. “ఏ నీటి మీదికి?” అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

తగిన చోట తగినది ఉండటాన్ని మన ఆలంకారికులు ఔచిత్యం అన్నారు. 11వ శతాబ్దానికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’ అనే గ్రంథంలో కావ్యానికి ఔచిత్యమే జీవమని ప్రతిపాదించాడు. కావ్యానికి చెప్పిన ఈ సూత్రం నేడు ఇంటింటా ఎదురవుతున్న ఒక ప్రశ్నకు కూడా చక్కగా వర్తిస్తుంది. “ఏ లాప్‌టాప్ కొనాలి?” అన్నదే ఆ ప్రశ్న.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘అమ్మ ఒడి’ పథకం కింద 9 నుండి 12వ తరగతి వరకు చదివే పిల్లల తల్లులు నగదుకు బదులు లాప్‌టాప్‌ను కోరుకోవచ్చునని ప్రకటించింది. ఆ పంపిణీ కార్యరూపం దాల్చలేదు. 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ జరిగింది. లక్షల మందికి ఒకేసారి ఇవ్వదలచిన ప్రభుత్వం అందరికీ కలిపి ఒక నమూనాను నిర్ణయించక తప్పదు. సొంత సొమ్ముతో ఒక్కరి కోసం కొనే కుటుంబానికి అటువంటి నిర్బంధం లేదు. అయినా చాలామంది ఇరుగుపొరుగువారు కొన్నదే కొంటారు, లేదా దుకాణంలో ఖరీదైనదే మంచిదని భ్రమిస్తారు.

నేనెరిగిన ఒక కొబ్బరి రైతు కుమారుడు కొన్నేళ్ళ క్రిందట బి.కాం.లో చేరాడు. అతని చదువుకు ఏమి కావాలో దుకాణదారు అడగలేదు, వీరూ చెప్పలేదు. ఆటల కోసం రూపొందించిన రెండున్నర కిలోల లాప్‌టాప్ ఇంటికి వచ్చింది. మూడు దింపుల సొమ్ము దానికే సరిపోయింది. బ్యాటరీ రెండు గంటలైనా నిలిచేది కాదు. బస్సులో మోసుకుపోలేక అతడు దానిని ఇంట్లోనే ఉంచేవాడు. అతడు దానిపై చేసిన పనల్లా ఖాతాల పట్టికలు తయారుచేసుకోవడమే. ఆ ఏడాది కుమార్తె కళాశాల రుసుము కట్టడానికి ఆ తండ్రి అప్పు చేశాడు. యంత్రంలో ఏ లోపమూ లేదు. అవసరమేమిటని ఎవరూ అడగకపోవడమే లోపం.

సరిగా అడగాలంటే ముందుగా లాప్‌టాప్‌లోని ముఖ్యాంగాలను గుర్తించాలి. వీటి అమరికనే కాన్ఫిగరేషన్ అంటారు.

మొదటిది ప్రాసెసర్. ఇది ఆదేశాలను అమలుచేసే భాగం. ఇంటెల్ సంస్థ ప్రాసెసర్లకు ఐ3, ఐ5, ఐ7 అనీ, ఏఎండి సంస్థ వాటికి రైజెన్ 3, 5, 7 అనీ పేర్లున్నాయి. 2023 చివర ఇంటెల్ ‘కోర్ అల్ట్రా’ అనే కొత్త పేర్లను కూడా ప్రవేశపెట్టింది. అంకె పెరిగినకొద్దీ సాధారణంగా శక్తి పెరుగుతుంది. అయితే తరాన్ని కూడా గమనించాలి. ‘ఐ5-1235యు’ అనే పేరులో 12 అనేది పన్నెండవ తరాన్ని సూచిస్తుంది. చివరి ‘యు’ విద్యుత్తును పొదుపుగా వాడుకునే రకమని తెలుపుతుంది. అక్కడ ‘హెచ్’ ఉంటే శక్తి ఎక్కువ, దానితోపాటు వేడీ ఎక్కువే. పదేళ్ళనాటి ఐ7 కంటే ఇటీవలి ఐ3 చురుకుగా పనిచేసే సందర్భాలు ఉన్నాయి. కనుక పేరులోని పెద్ద అంకెను చూసి మోసపోరాదు.

రెండవది ర్యామ్, మూడవది నిల్వ. ర్యామ్ చదువుకునే బల్ల వంటిది. నిల్వ పుస్తకాల బీరువా వంటిది. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం మూసి మరొకటి తెరవవలసి వస్తుంది. వెంట మోసుకుపోదగిన కంప్యూటర్లలో తొలినాటిదైన ‘ఆస్బోర్న్-1’ 1981లో వెలువడింది. దాని స్మృతి 64 కిలోబైట్లు. నేటి 8 జీబీ ర్యామ్ దానికి లక్షా ముప్పైవేల రెట్లకు పైగా పెద్దది. అయినప్పటికీ నేడు సాధారణ కార్యాలయ పనులకు అదే కనీసంగా భావించవలసి ఉంది.

నిల్వకు పూర్వం తిరిగే పళ్ళాలున్న హార్డ్‌డిస్క్ వాడేవారు. ఇప్పుడు కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డి వచ్చింది. ఇది ఎంతో వేగవంతమైనది, కుదుపులకు తట్టుకోగలిగినది. పెట్టె మీద 512 జీబీ అని ఉన్నా విండోస్ తెరపై సుమారు 476 మాత్రమే కనబడుతుంది. ఇది మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించడం వలన వచ్చే తేడా.

నాలుగవది గ్రాఫిక్స్ భాగం. సాధారణ పనులకు ప్రాసెసర్‌తో కలిసి వచ్చేదే చాలు. వీడియోల కూర్పు, త్రిమితీయ చిత్రణ, భారీ ఆటలు వంటి వాటికే విడి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఇక తెర, బ్యాటరీ మిగిలాయి. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చెబుతారు. 42 వాట్-అవర్ల బ్యాటరీ గల యంత్రం సగటున 7 వాట్లు వాడుకుంటే 6 గంటలు పనిచేస్తుంది. అదే యంత్రం 21 వాట్లు వాడుకుంటే 2 గంటలకే ఆగిపోతుంది.

ఇప్పుడు అమలాపురంలోని ఒక దుకాణంలో మీరే సలహాదారుగా కూర్చున్నారని ఊహించండి. మీ వద్దకు ముగ్గురు వచ్చారనుకుందాం.

మొదటివారు అంబాజీపేట కొబ్బరి వర్తకులు. “బాబూ, మంచిది ఒకటి చూపించు” అన్నారు. “దీంతో ఏం పని చేసుకుంటారండీ?” అని మీరు వినయంగా అడగాలి. కొనుగోళ్ళ లెక్కలు, 2017 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన జీఎస్టీ పత్రాలు, ఉత్తరాలు అని వారు చెబుతారు. ఇటీవలి తరానికి చెందిన ఐ3 లేదా రైజెన్ 3, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డి వారికి చాలు. రోజంతా అంకెలు కొట్టేవారు గనుక కుడివైపు ప్రత్యేకంగా అంకెల మీటలున్న పెద్ద కీబోర్డు వారికి వేగవంతమైన ప్రాసెసర్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. తెలుగులో రాయడానికి కూడా పెద్ద యంత్రం అక్కరలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది.

రెండవవారు రాజోలు నుండి వచ్చిన తండ్రీకూతుళ్ళు. ఆమె ఇంజనీరింగులో కంప్యూటర్ శాఖలో చేరింది. రోజూ బస్సులో కళాశాలకు వెళ్ళాలి. ఆమెకు ఐ5 లేదా రైజెన్ 5, 16 జీబీ ర్యామ్, ఒకటిన్నర కిలోలకు మించని బరువు, ఎక్కువసేపు నిలిచే బ్యాటరీ ముఖ్యం. నాలుగేళ్ళు వాడవలసినది గనుక ర్యామ్‌ను తరువాత పెంచుకునే వీలు ఉందో లేదో తప్పక అడగాలి. కొన్ని పలుచని నమూనాలలో దానిని మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు. అటువంటప్పుడు మొదటే సరిపడా తీసుకోవాలి.

మూడవవారు కొత్తపేటలో పెళ్ళి వీడియోలు తీసే యువకుడు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున చిత్రించిన వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. ఆరు గంటల పెళ్ళికి 270 జీబీ కావాలి. వర్తకులకు సరిపోయిన బీరువా ఇతనికి రెండు పెళ్ళిళ్ళకైనా చాలదు. 32 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీకి తగ్గని ఎస్‌ఎస్‌డి, రంగులను యథాతథంగా చూపే తెర, వీటితోపాటు బయట అమర్చుకునే హార్డ్‌డిస్క్ ఇతనికి అవసరం. ఇక్కడే మరొక ప్రశ్న కూడా వేయాలి. “పనంతా స్టూడియోలోనే కూర్చుని చేస్తారా?” అవునంటే అదే సొమ్ముకు మరింత శక్తిమంతమైన డెస్క్‌టాప్ వస్తుందని చెప్పడమే నిజాయితీ. అమ్మకం తగ్గినా నమ్మకం పెరుగుతుంది.

ఎవరు కొన్నా మన నేల స్వభావాన్ని మరువరాదు. సముద్రపు ఉప్పుగాలి, చెమ్మ లోహపు భాగాలను తినివేస్తాయి. 1996 నవంబరు 6నాటి తుపాను కోనసీమను అతలాకుతలం చేసిన సంగతి పెద్దలకు ఇప్పటికీ గుర్తే. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు; అందులోని లెక్కలు, చిత్రాలు పోతే తిరిగి రావు. కనుక ముఖ్యమైన వాటి నకలు వేరొకచోట ఉంచుకోవాలి. మరమ్మతు చేసే కేంద్రం దగ్గరలో ఉందా, కాకినాడకో రాజమహేంద్రవరానికో పోవలసి ఉంటుందా అన్నది కొనకముందే తెలుసుకోవాలి. నీరు పడితే కలిగే నష్టం సాధారణ వారంటీలోకి రాదన్నది గుర్తుంచుకోవాలి.

పాతది చవకగా వస్తోందని తొందరపడటం కూడా తగదు. విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో సాధారణంగా ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా ఎనిమిదవ తరం మొదలు పైవాటికే అర్హత ఉంది. మరోవైపు, అర్హత గల పాత లాప్‌టాప్ ఇంట్లోనే ఉండి నెమ్మదిగా నడుస్తుంటే, హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డి అమర్చి ర్యామ్ పెంచుకుంటే చాలాసార్లు కొత్తది కొనే అవసరమే రాదు.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇటువంటి సలహాలు ఇచ్చే వృత్తిలో స్థిరపడవచ్చు. అందరూ ఏదో ఒకనాడు కొనుగోలుదారులు కాక తప్పదు. బల్లకు ఏ వైపున ఉన్నా ముందు పనిని అడగండి, తరువాత ఆ పని ఎక్కడ, ఎన్నేళ్ళు చేయాలో అడగండి, ధరను చివర అడగండి. మీ ఎదుట ఉన్నవారి చేతిలోని సొమ్ము ఎండలో చెట్టెక్కి దింపిన కాయల ధర అని గుర్తుంచుకుంటే, సరైన ప్రశ్న దానంతటదే మీ నోట వస్తుంది.