పులిజూదములో మూలల బలము

నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అడవులలో నేటికిని పులులు సంచరించుచున్నవి. ఆ జిల్లాలోను, వనపర్తి, గద్వాల ప్రాంతములలోను బండమీద గీతలు గీసి ఆడు పులిజూదములో చింతగింజలు, గులకరాళ్లే పులులు, మేకలు. ఈ పల్లెటూరి ఆటలో చక్కని రేఖాగణితము ఇమిడియున్నది.

ఒక త్రిభుజము గీసి, శీర్షమునుండి భూమికి లోపల మరి రెండు రేఖలు దించవలెను. దానికి అడ్డముగా, ఇరుప్రక్కలకు పొడుచుకొని వచ్చునట్లు ఒక దీర్ఘచతురస్రమును, దాని నడుమ ఇంకొక అడ్డగీతను గీయవలెను. శీర్షము 1, మూడు అడ్డగీతలమీద ఆరేసి చొప్పున 18, భూమిమీద 4. వెరసి 23 బిందువులు. పులులు 3, మేకలు 15.

ప్రక్కనున్న మేకను దాటి, అదే సరళరేఖలో ఆవలనున్న ఖాళీ బిందువుమీదికి పులి దూకినచో ఆ మేక చచ్చినట్లే. పులులకు చావు లేదు. మూడింటిని కదలనీయక బంధించినచో మేకల పక్షము గెలుచును. మేకలన్నిటిని పెట్టువరకు ఏ మేకయు కదలరాదు. కావున తొలి మేకలను ఎచట పెట్టవలెనన్నదే అసలు సమస్య.

ఏ బిందువువద్ద రేఖలన్నియు అంతమగునో అచట మేకకు భయము లేదు. దూకుటకు ఆవల చోటే లేదుగదా! అట్టివి శీర్షము, దీర్ఘచతురస్రపు నాలుగు మూలలు, భూమి రెండు కొనలు, మొత్తము 7. ఒక్క రేఖ మాత్రమే దాటిపోవు బిందువులు 4, రెండు రేఖలు దాటిపోవునవి 12. శీర్షమున సాధారణముగా పులియే కూర్చుండును గనుక మేకలకు మిగులు నిర్భయస్థానములు 6. మూలనున్న మేక తాను బ్రతుకుటయేగాక, అదే గీతమీద తన ప్రక్కనున్న మేకకు వెన్నుకాపుగా నిలుచును.

మూల పులికి మాత్రము చెర. దీర్ఘచతురస్రపు మూలనున్న పులిని బంధించుటకు అడ్డముగా 2, వాని వెనుక 2, మొత్తము 4 మేకలు చాలును. పలక నడుమనున్న పులికి 8 కావలెను. మేకలన్నియు బ్రతికియున్నచో పలకమీద ఖాళీలు 5 మాత్రమే. ఒక్కొక్క మేక చచ్చినకొలది పులులకు ఒక్కొక్క ఖాళీ పెరుగును.

చీనాలో పుట్టిన గో ఆటలోను ఆటగాండ్రు మొదట మూలలనే ఆశ్రయింతురు. తొమ్మిది బిందువుల చదరమును చుట్టుముట్టుటకు మూలలో 6 రాళ్లు, అంచున 9, నడుమ 12 కావలెను. పలక అంచులే మిగిలిన గోడల పని చేయును. అయితే గోలో మూలనున్న ఒంటరి రాయికి ఊపిరి రెండు దిక్కులనే. అది సులభముగా పట్టుబడును. పులిజూదపు మేకకు ఆ భయము లేదు.

విద్యార్థులు ఈ పలకను గీసి, శీర్షముననున్న పులిని బంధించుటకు ఎన్ని మేకలు కావలెనో లెక్కించి చూడవచ్చును. శీర్షమును మూలయే అనుకొన్నవారికి ఆ జవాబు వింతగొలుపును.